వేలంవెర్రి

గుడికి వెళ్ళినప్పుడు ముందు దాతల పేర్ల పలక దగ్గర ఆగి, నా పేరు ఎన్నో వరసలో ఉందో చూసుకుని, నాకంటే తక్కువ ఇచ్చినవాడి పేరు నా పైన చెక్కి ఉంటే కాసేపు కుతకుతలాడి, ఆ తర్వాతే దేవుడి దగ్గరికి వెళ్ళే రకం మనిషిని నేను. మీరూ అంతేనని నా గట్టి నమ్మకం. కాదంటారా? పెళ్ళి శుభలేఖ చేతికి రాగానే మీ కళ్ళు ముందు ముహూర్తం మీద పడతాయో, బంధువుల పేర్ల మీద పడతాయో ఒక్కసారి నిజం చెప్పండి. కాబట్టి మనలో మనకి దాపరికం అక్కర్లేదు. పైన కనబడాలన్న యావలో నేను నా గల్లాపెట్టె తాళం ఒక కంప్యూటరు ప్రోగ్రాముకి ఇచ్చేశాను. అది నన్ను దోచుకోలేదు. ఏం కావాలని అడిగానో అదే, ఒక్క పైసా తేడా లేకుండా తెచ్చిపెట్టింది. నా కొంప మునిగింది అక్కడే.

నా వ్యాపారం పావురాల వలలు. పావురాల్ని పట్టేవి కావు, రానివ్వనివి. హైదరాబాద్‌లో మీకు ఫ్లాటు ఉంటే నా గురించి వేరే చెప్పక్కర్లేదు. ఏసీ బయటి పెట్టె వెనకాల నాలుగు పుల్లలు పడేసి, దాన్నే ఇల్లనుకుని రెండు గుడ్లు పెట్టేసే ఆ పక్షి మీద ఒళ్ళు మండి ఇల్లాలు ఫోన్ చేతిలోకి తీసుకుంటుంది చూడండి, ఆ క్షణం మీద బతికేవాణ్ణి నేను. మా కుర్రాళ్ళు నడుముకి తాడు కట్టుకుని పన్నెండో అంతస్తులో వేలాడుతూ, గోడకి హుక్కులు దిగ్గొట్టి, నైలాన్ వల బిగించి, అంచు పొడుగునా తాడు అల్లి వస్తారు. నేను కింద నీడలో నిలబడి "జాగ్రత్తరా" అంటాను. కష్టం వాళ్ళది, బోర్డు మీద పేరు నాది.

ఈ వ్యాపారంలో రోడ్డు మీద నడిచి వెళుతూ, వల బాగుందే అని లోపలికి వచ్చి కొనేవాడు ఉండడు. అందరూ ఫోన్లో "పిజన్ నెట్ నియర్ మి" అని కొట్టేవాళ్ళే. కొడితే పైన కొన్ని ప్రకటనలు వస్తాయి, వాటి కింద ఊరికే వచ్చే లింకులు. పైవాటికి క్లిక్కుకింతని డబ్బు కట్టాలి. ఎవరు ఆ మాట వెతికినా, వెతికిన ప్రతిసారీ, రెప్పపాటులో లోపల ఒక వేలం జరిగిపోతుంది. ఎవడు పైన, ఎవడు కింద, ఎవడు అసలు లేనేలేడు అన్నది ఆ వేలంలో తేలుతుంది. ఈ సంగతి చెప్పిన కుర్రాడు ఇంకా ఏవో చెప్పబోయాడు. పాట ఒక్కటే చాలదంకుల్, ప్రకటన ఎంత పనికొచ్చేలా ఉంది, నొక్కితే తెరుచుకునే పేజీ ఎలా ఉంది అన్నవీ లెక్కలోకి తీసుకుంటారు, తక్కువ పాడినవాడు కూడా పైకి రావచ్చు అని. నేను వినలేదు. వేలం అన్న మాట చెవిన పడ్డాక మిగతా వివరాలు వినే ఓపిక ఎవరికుంటుంది?

మొదట్లో పాటలన్నీ నేనే చేత్తో పాడేవాణ్ణి. రాత్రి భోజనం అయ్యాక మంచం మీద పడుకుని, గుండె మీద ఫోన్ పెట్టుకుని, నా వలల కోసం నేనే వెతుక్కునేవాణ్ణి. పైన ఉంటే నిద్ర. రెండో చోట ఉంటే అటు ఇటు దొర్లడం. మూడో చోట ఉంటే లేచి కూర్చుని మజ్జిగ తాగడం. "ఏమండీ, ఆ పావురాలైనా పడుకున్నాయి, మీరూ పడుకోండి" అనేది మా ఆవిడ.

ఒక రాత్రి నేను మాయమైపోయాను. పైన లేను, కింద లేను, పేజీలోనే లేను.

ఇక్కడొక తమాషా ఉంది, తర్వాత తెలిసింది. మన ప్రకటనని మనమే పదే పదే వెతికి, నొక్కకుండా వదిలేస్తూ ఉంటే, ఈ పెద్దమనిషికి దీని మీద ఆసక్తి లేదనుకుని ఆ వ్యవస్థ మనకి చూపించడం తగ్గించేస్తుంది. ఊరందరికీ కనబడుతూనే ఉంటాం, మన ఫోన్లో మాత్రం ఉండం. ప్రకటన ఎక్కడుందో చూసుకోవాలంటే దానికి వేరే పనిముట్టు ఇచ్చారు. నాకేం తెలుసు? శత్రువులు నన్ను తొక్కేశారనుకున్నాను. క్లిక్కుకి 18 రూపాయలున్న పాటని 25 చేశాను. కనబడలేదు. 40 చేశాను. లేదు. పంతం పట్టి 60 చేశాను. అప్పటికీ లేదు. చివరికి మా ఆవిడ ఫోన్ లాక్కుని వెతికితే, అన్నిటికన్నా పైన నిగనిగలాడుతూ నేనే! ఆనందం పట్టలేక దాని మీద నొక్కాను. నొక్కాక గుర్తొచ్చింది, ఆ 60 రూపాయల పాట నాదేనని.

చేతిలో డబ్బు తగ్గేకొద్దీ చదువు మీద శ్రద్ధ పెరుగుతుంది. కూర్చుని ఈ వేలాల పుట్టుపూర్వోత్తరాలు చదివాను. క్లిక్కుల వేలాన్ని వ్యాపారంగా నిలబెట్టింది అమెరికాలో గోటూ అనే సైటు, 1998లో, బిల్ గ్రాస్ అనే ఆయన పెట్టింది. తర్వాత దాని పేరు ఓవర్‌చర్ అయింది, 2003లో యాహూ కొనేసింది. అక్కడ ఎవడెంత పాడాడో అందరికీ కనబడేది, పాడినంతా కక్కాల్సిందే. ఇంకేం? ఎదుటివాడి కన్నా ఒక్క సెంటు ఎక్కువ పాడమని వ్యాపారులు ప్రోగ్రాములు పెట్టుకున్నారు. రెండు ప్రోగ్రాములు ఒకదాన్నొకటి తరుముకుంటూ ధరని పైకి ఎక్కించుకుంటూ పోయేవి. ఇక గిట్టుబాటు కాదనుకున్న చోట ఒకటి చటుక్కున కిందికి దూకేది. రెండోది దాని వెంటే దూకి, దానికన్నా ఒక్క సెంటు పైన నిలబడేది. మళ్ళీ ఎక్కుడు మొదలు. ఎడెల్మన్, ఆస్ట్రోవ్‌స్కీ అనే ఆర్థికవేత్తలు ఆ ధరల్ని గీత గీసి చూపిస్తే అచ్చం రంపం పళ్ళే. ఇది చదివాక నాకు కాస్త ఊరటగా అనిపించింది. మజ్జిగ తాగడం ఒక్కటి మినహా ఆ ప్రోగ్రాములకీ నాకూ తేడా లేదు.

2002లో గూగుల్ క్లిక్కుల వేలంలోకి దిగినప్పుడు పద్ధతి మార్చింది. నువ్వు పాడినంతా కట్టక్కర్లేదు, నీ కిందివాణ్ణి దాటడానికి ఎంత సరిపోతుందో అంత కట్టు అంది. రెండో ధర కట్టే వేలాల గురించి విలియం విక్రీ అనే ఆయన 1961లోనే రాశాడు. ఆయనకి 1996లో నోబెల్ ప్రకటించారు, ప్రకటించిన మూడో రోజుకే పోయాడు పాపం. మనకి ఇదేం కొత్త కాదు. బాలాపూర్ గణేశుడి లడ్డూ వేలం చూడండి. 1994లో 450 రూపాయలకి పోయిన లడ్డూ 2024లో 30 లక్షల ఒక వెయ్యి పలికింది. గెలిచినవాడి మనసులో ఇంకెన్ని లక్షలున్నాయో ఆ గణేశుడికే తెలియాలి. కట్టేది మాత్రం పక్కవాడు ఆగిపోయిన చోటికి ఒక్క మెట్టు పైన. అంటే గెలిచినవాడు ఎంత కట్టాలో తేల్చేది ఓడినవాడన్నమాట. ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి. దీనితో నాకు మా ఇంట్లోనే పని పడింది.

సరే, చేత్తో పాడీ పాడీ నిద్ర చాలక, ఆటోమేటిక్‌కి అప్పజెప్పేశాను. ఈ ఏర్పాటు ఎలా ఉంటుందంటే, ఒక్కో మాటకి ఇంత అని మనం పాడక్కర్లేదు. ఏ ఫలితం కావాలో చెబితే చాలు. వెతికేది ఎవరు, ఏ ఊరు, ఏ ఫోన్, ఏ వేళ, ఏ మాటలు అన్నీ చూసి, ఈ మనిషి ఆ ఫలితం ఇచ్చేలా ఉన్నాడా లేదా అని అంచనా కట్టి, ఉంటే ఎక్కువా లేకపోతే తక్కువా, ప్రతి వేలానికీ విడివిడిగా అదే పాడుతుంది. పడుకోదు, మజ్జిగ తాగదు.

తీరా చూస్తే అది నన్ను ఒక్క ప్రశ్న అడిగింది. నీ దృష్టిలో ఫలితం అంటే ఏమిటి?

పెద్ద పెద్ద స్వాములు కూడా తడుముకునే ప్రశ్న అది. నేను తడుముకోలేదు. కింద ఉన్న గడులన్నిటికీ టిక్కు పెట్టాను. ఫోన్ బటన్ నొక్కితే ఫలితం. వాట్సాప్ బటన్ నొక్కితే ఫలితం. పేజీలో అర నిమిషం ఉంటే ఫలితం. వేలితో పేజీని కిందిదాకా జరిపితే అదీ ఫలితమే. వల కట్టించుకుని డబ్బు ఇస్తే ఫలితం అని పెట్టాలంటే ఏదో పట్టిక రాసి పంపుతూ ఉండాలట. అంత తీరిక నాకెక్కడిది? కీవర్డుల దగ్గరా అంతే ధారాళం. "పిజన్ నెట్" అని కలిపి రాస్తే తక్కువమందికి కనబడతామేమోనని "పిజన్" ఒకటి, "నెట్" ఒకటి విడివిడిగా రాసి, రెంటికీ దగ్గర దగ్గర అర్థాలున్న మాటలన్నీ కలుపుకోమని తలుపులు బార్లా తెరిచాను. ఏ మాటలకి మన ప్రకటన రాకూడదో రాసుకోమని నెగెటివ్ కీవర్డుల జాబితా ఒకటి ఉంది. మొదలుపెట్టగానే నెగెటివ్ ఎందుకని అది ఖాళీగా వదిలేశాను.

కొన్నాళ్ళు అది నేర్చుకుంటోందన్నారు. నేర్చుకుంది. ఫలితాల గీత రోజురోజుకీ పైకి లేచింది. ఒక్కో ఫలితానికి అయ్యే ఖర్చు కిందికి దిగింది. పచ్చ రంగు బాణం గుర్తు ఒకటి వెలిగింది. ఆ పచ్చ బాణం చూసి నేను ఎంత మురిసిపోయానంటే, దాన్ని ఫోటో తీసి బంధువుల గ్రూపులో పెట్టాను. గ్రూపులో ఎవరికీ అదేంటో అర్థం కాకపోయినా ఇరవైమంది దండాలు పెట్టారు. ఆ ఊపులోనే ఒక గృహప్రవేశానికి వెళ్ళి, పులిహోర విస్తరి ముందు కూర్చుని, మా బావమరిదికి ఉపన్యాసం ఇచ్చాను. "ఒరేయ్, ఇప్పుడు వ్యాపారం చేసేది మనం కాదురా, ఆల్గారిథం. పైన ఎవడున్నాడో చూడు, వాడి మీదికి ఎక్కు, వదలకు. వ్యాపారం దగ్గర మొహమాటాలు, బంధుత్వాలు పెట్టుకోకు." వాడు చెయ్యి కడుక్కోవడం కూడా మానేసి విన్నాడు. మా పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా మాట అంత శ్రద్ధగా విన్నది వాడొక్కడే. నా కర్మ అలా కాలింది.

ఇక ఫోన్లు.

"హలో, పిజనేనా అండీ?"

"అవునండీ, చెప్పండి."

"ఎడమ పక్కది వెలగట్లేదండీ."

నేను వినిపించుకోలేదు. "ఎన్నో అంతస్తండీ మీది?"

"మూడో అంతస్తు. బర్నరుకి అంతస్తుతో ఏం పనండీ?"

పిజన్ పేరుతో స్టవ్‌లు, కుక్కర్లు వస్తాయని మన దేశంలో పసిపిల్లలకి కూడా తెలుసు. మా వంటింట్లోనూ ఒకటుంది. నాకు మాత్రం ఆ క్షణం దాకా తట్టలేదు. ఆ ఫోన్ పెట్టేశానో లేదో ఇంకోటి. "సార్, నెట్ హాల్ టికెట్ డౌన్‌లోడ్ అవ్వట్లేదు" అని ఎవరో అమ్మాయి, లెక్చరర్ ఉద్యోగాల పరీక్ష రాస్తోందట. నేను అలవాటుకొద్దీ "ముందు మీ బాల్కనీ కొలతలు పంపండమ్మా" అన్నాను. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, "దానికి కూడా ప్రూఫ్ కావాలా సార్?" అంది. ఆ తర్వాత ఒకాయన, "అన్నా, జత ఎంతకిస్తరు?" అని. జతల్లేవు, చదరపు అడుగు లెక్క అన్నాను. "పావురం చదరపు అడుగు లెక్కనా!" అని ఆయన నోరు తెరిచింది నాకు ఫోన్లోనే కనబడింది. కుక్కర్ విజిల్ రావట్లేదని ఒకరు, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ మర్చిపోయానని ఒకరు, క్రికెట్ నెట్ ప్రాక్టీసుకి నెల ఫీజు ఎంతని ఒక తండ్రి. ప్రతి ఒక్కరూ బటన్ నొక్కినవాళ్ళే. ప్రతి ఒక్కరూ నా లెక్కలో ఫలితమే. రాత్రి డ్యాష్‌బోర్డు తెరిస్తే పచ్చ బాణం పైపైకి పోతోంది. పగలు ఫోన్లెత్తి ఏడుస్తున్నవాడూ నేనే, రాత్రి బాణం చూసి నవ్వుతున్నవాడూ నేనే. రెంటినీ కలిపి చూడాలన్న ఆలోచన రానేలేదు. పొగిడేదాన్ని ఎవడు తనిఖీ చేస్తాడు చెప్పండి?

అసలు సిగ్గుచేటు సంగతి ఇంకా చెప్పలేదు.

ఒకరోజు ఏ మాట అన్నిటికన్నా చౌకగా, అన్నిటికన్నా ఎక్కువ ఫలితాలు తెస్తోందో తీసి చూశాను. అది మా కొట్టు పేరు. నా గుండె ఎంత పొంగిందో మీకేం చెప్పను! నగరంలో జనం పావురాల వలలని వెతకడం మానేసి, నా పేరు పెట్టి నన్నే వెతుకుతున్నారు. వెంటనే ఆ మాట మీద ఇంకా ధారాళంగా ఖర్చుపెట్టడానికి ఏర్పాటు చేసి, మా వర్కుషాపు కుర్రాణ్ణి పిలిచి చూపించాను. వాడు వల అల్లే సూది చేతిలో పట్టుకుని స్క్రీను వంక చూసి, "అన్నా, కొట్టు పేరు ఎవరికి తెలుస్తదన్నా? మనం వల కట్టినోళ్ళకే కదా" అన్నాడు.

అంతే. ఒక్కొక్కరూ గుర్తొచ్చారు. సంక్రాంతికి గాలిపటం మాంజా తగిలి వల కోసుకుపోయిన మియాపూర్ ఆవిడ. హుక్కు ఊడి తాడు వేలాడుతోందని నెల నుంచి ఫోన్ చేస్తున్న రిటైర్డు ఇంజినీరు గారు. నెంబరు దాచుకోకుండా, ప్రతిసారీ కొట్టు పేరు వెతికి, పైన కనబడ్డ ప్రకటన నొక్కి, ఫోన్ బటన్ నొక్కి, నేను ఎత్తకపోతే మళ్ళీ వెతికి, మళ్ళీ నొక్కి తిట్టడానికి వస్తున్నవాళ్ళు! మియాపూర్ ఆవిడ తిట్టిన ప్రతి తిట్టూ నా లెక్కలో ఒక ఫలితం. ఆవిడ లాంటివాళ్ళయితే బటన్ తప్పకుండా నొక్కుతారని ఆ యంత్రం బాగా గ్రహించి, అలాంటివాళ్ళు ఇంకెక్కడున్నారో వెతికి, గుమ్మంలోకి తెచ్చి నిలబెడుతోంది. ఆవిడ వలకి నాకు కట్టింది ఒక్కసారి. తిట్టించుకోవడానికి ఆవిడకి నేను కట్టింది ఎన్నిసార్లో ఆ దేవుడికే తెలుసు.

పెద్దవాళ్ళూ ఇందులో పడ్డారని చదివి కాస్త తేరుకున్నాను. ఈబే వాళ్ళు 2012లో తమ పేరు వెతికేవాళ్ళకి చూపించే ప్రకటనలు ఆపి చూశారు. ఆపేస్తే ఏమైంది? వచ్చేవాళ్ళలో దాదాపు అందరూ కిందనున్న ఉచిత లింకు నొక్కి మామూలుగానే వచ్చారు. బ్లేక్, నోస్కో, టాడెలిస్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ఆ ప్రయోగం మీద పేపరు కూడా రాశారు. నా మీద ఎవరూ పేపరు రాయలేదు. బ్యాంకు వాళ్ళు స్టేట్‌మెంటు మాత్రం పంపారు.

ఆ స్టేట్‌మెంటు మా ఆవిడ చేతిలో పడింది. రోజుకి 1000 రూపాయలు బడ్జెట్ అని నేనే ఆవిడకి చెప్పాను. అందులో ఒక రోజున 1900 పైచిలుకు ఉంది. నిబంధన ఏమిటంటే, గిరాకీ బాగుందనుకున్న రోజున రోజు బడ్జెట్‌కి రెండింతల దాకా వాడుకోవచ్చు, నెల మొత్తం మీద మాత్రం రోజు బడ్జెట్‌ని 30.4 తో హెచ్చవేసిన మొత్తం దాటకూడదు. ఆ సంగతి నేను ఒప్పుకున్న షరతుల్లోనే ఉంది. చదివితే కదా! దాని మీద 18 శాతం జీఎస్టీ వేరే. "గిరాకీ బాగున్న రోజంటే ఏ రోజండీ ఇది?" అని తారీఖు చూపించింది. చూస్తే హాల్ టికెట్లు విడుదలైన రోజు. "ఇంతకీ పావురాలు మనల్ని మేపుతున్నాయా, మనమే వాటిని మేపుతున్నామా?" అంది. నా దగ్గర జవాబు లేదు. చిరాకులో లక్ష్యాలు మార్చడం మొదలుపెట్టాను. ఇవాళ ఒకటి, రేపు ఇంకోటి. మార్చిన ప్రతిసారీ అది మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవడం, నేర్చుకునేలోపే నేను మళ్ళీ మార్చడం.

ఆ చిరాకులోనే ఇంకో ఘనకార్యం చేశాను. అర్ధరాత్రి రెండింటికి న్యూజెర్సీ నుంచి ఎవరో అబ్బాయి ఫోన్. హైదరాబాద్ మీద ఆసక్తి చూపించేవాళ్ళు ఎక్కడున్నా ప్రకటన కనబడేలా ఒక ఏర్పాటు ముందే ఉంటుంది, మనం మార్చకపోతే అదే నడుస్తుంది. అమెరికావాడికి నా వల ఎందుకు, ఇదిగో నా డబ్బు ఇలా పోతోందన్నమాట అని అతని మీద కేకలేసి, ఊరు దాటితే కనబడకుండా తలుపు మూసేశాను. తర్వాత పాత లెక్కలు తిరగేస్తే తెలిసింది, బేరమాడకుండా, ముందే డబ్బు పంపి, "అమ్మావాళ్ళ ఫ్లాటండీ, బాల్కనీతోపాటు కిటికీలకి కూడా కట్టేయండి" అన్నవాళ్ళు ఎక్కువమంది అలాంటి అబ్బాయిలేనని. యంత్రం సరిగ్గా చేసిన ఒక్క పనినీ వెతికి పట్టుకుని మరీ ఆపాను.

ఇంతలో నా పైన ఎవడో కూర్చున్నాడు.

నాతోపాటు ఏ సైట్లు వేలంలో ఉన్నాయో చూపించే నివేదిక ఒకటుంది. అందులో ఎప్పుడూ చూడని పేరు, ఇంగ్లీషులో ఏదో స్టయిలుగా. నాకన్నా పైన వస్తున్నాడు. స్టవ్‌లు, హాల్ టికెట్లు, మియాపూర్ ఆవిడ అందరినీ మర్చిపోయాను. ఫలితాలు గిలితాలు వద్దు, ఏం చేసినా సరే అన్నిటికన్నా పైన నేనే ఉండాలి అని చెప్పే పద్ధతి కూడా ఆ యంత్రంలో ఉంది. నాకోసమే కనిపెట్టినట్టుంది. అది పెట్టాను. ఇంతకు మించి పాడకు అని గరిష్ఠం అడిగితే 300 అని రాశాను. క్లిక్కు 40 అయింది. వాడు ఎక్కాడు. 70 అయింది. నేను ఎక్కాను. వాడు ఎక్కాడు. 110. వాడి వంశాన్ని తిట్టాను. 150. వాడి సైటుకి పేరు పెట్టినవాణ్ణి తిట్టాను. 190. వాడి ఇంటి మీద పావురాలు వాలాలని శపించాను. ఆదివారం మధ్యాహ్నం మా బావమరిది భోజనానికొస్తే, ముద్ద నోట్లో పెట్టుకోకుండా వాడికి ఆ దరిద్రుడి సైటు తీసి చూపించాను.

వాడు తాపీగా పప్పు కలుపుకుంటూ, "అది నాదే బావా" అన్నాడు.

గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

"నీదా?"

"నువ్వేగా బావా చెప్పావు గృహప్రవేశంలో? పైన ఎవడుంటే వాడి మీదికి ఎక్కు, బంధుత్వాలు చూడకు అని. పైన నువ్వున్నావు."

అప్పుడు వెలిగింది, కొన్నాళ్ళుగా వీడు నా గోడౌన్ నుంచి వలల చుట్టలు అప్పు మీద తీసుకెళుతున్నది ఎందుకో. ఎక్కడో కాంట్రాక్టు దొరికి ఉంటుందని నేను మురిసిపోయాను. నా వలలే, నా అప్పే, నా ఉపన్యాసమే. నేను పైన ఉన్నప్పుడు నా క్లిక్కు ధర తేల్చింది కింద ఉన్న వాడి పాట. వాడు పైన ఉన్నప్పుడు వాడి ధర తేల్చింది నా పాట. వాడి పెట్టుబడి ఎక్కడిదని అడిగితే మా మామగారి పొలం కౌలు డబ్బట. ఆయన పంట డబ్బూ, నా గల్లాపెట్టె డబ్బూ, ఒకే ఇంటి రెండు చేతులూ ఒకదాన్నొకటి పైకి తోసుకుని ఎవరికో ధారపోశాయి. ఆయన నాకు మళ్ళీ పండక్కి బట్టలు పెడతారా లేదా అన్నది ఇంకా తేలలేదు.

పంచాయితీ మా ఆవిడే చేసింది, వడ్డన ఆపకుండానే. తమ్ముడికి దోమల మెష్ తలుపులు, కిటికీలు. మొగుడికి పావురాల వలలు. ఇద్దరూ ఒకరి మాటలు ఒకరు పాడకూడదు. ఫలితం అంటే ఏమిటో ఇకమీదట తనే రాస్తానంది. రాసింది. వల కట్టి డబ్బు చేతికొస్తేనే ఫలితం. ప్రకటన మీద పడ్డ ప్రతి క్లిక్కుకీ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఏ క్లిక్కు డబ్బయిందో, ఎంతయిందో శనివారం శనివారం పట్టికలో రాసి తిరిగి పంపుతుంది. దాన్ని చూసి ఆ యంత్రం మళ్ళీ చదువు మొదలుపెట్టింది. స్టవ్, బర్నర్, కుక్కర్, హాల్ టికెట్, పాస్‌వర్డ్, జత, క్రికెట్ అన్నీ నెగెటివ్ జాబితాలోకి పోయాయి. మా కొట్టు పేరు మీద ప్రకటన ఆగిపోయింది. అమెరికా తలుపు మళ్ళీ తెరిచాం. మియాపూర్ ఆవిడకి కొత్త వల కట్టించాను, ఊరికే.

యంత్రం ఇప్పుడు బుద్ధిగానే పాడుతోంది. నాకే బుద్ధి రాలేదు. ఫలితాల గడిలో ఇప్పుడు చిన్న అంకె ఉంటుంది. గల్లాపెట్టెలో డబ్బు మాత్రం మునుపటికన్నా ఎక్కువే. అయినా సరే ఆ చిన్న అంకె చూసినప్పుడల్లా నామోషీగా ఉంటుంది, పచ్చ బాణం రోజులు గుర్తొస్తాయి. రాత్రిళ్ళు మా ఆవిడ పడుకున్నాక ఆవిడ ఫోన్ తీసి ఒక్కసారి వెతికి చూస్తాను, ఎన్నో వరసలో ఉన్నానా అని. నొక్కను. ఒట్టు.

మీ బాల్కనీలో పావురాలుంటే తప్పకుండా పిలవండి, బాగా కడతారు మా కుర్రాళ్ళు. ఒక్కటే మనవి. పేజీ తెరవగానే పైనున్న ప్రకటన కనబడుతుంది, దాన్ని చూసి సంతోషించి, వేలు కాస్త కిందికి జరిపి, ఉచితంగా వచ్చే లింకు నొక్కండి. తిట్టడానికైతే వెతకనే వద్దు, బిల్లు మీద నా నెంబరు వేయించాను, నేరుగా చేసేయండి.